గుట్టకు మొక్కే మనిషి

ముంబయి నాగ్‌పాడాలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నామె ఏడుస్తోంది. పాలమూరు మనిషి. కట్టడం పనిలో భర్త పైనుంచి పడ్డాడని, దవాఖానాలో కళ్లు తెరవడం లేదని చెప్పింది.

"మీ దేవునికి మొక్కుకో అక్కా," అన్నాను, ఇంకేం అనాలో తోచక.

"మా దేవుడు గుట్టనే చెల్లె. గుడి లేదు, బొమ్మ లేదు. పొద్దుగాల లేచి గుట్ట దిక్కు చూసి మొక్కేటోళ్లం. దాన్ని పేల్చి కంకర చేసిన్రు. ఆ పేల్చే కూలికి నా పెనిమిటి గూడ పోయిండు. గుట్ట ఒడిసినంక పని లేక ఈడికొచ్చినం."

చేతులు జోడించి కిటికీ వైపు తిరిగింది. మళ్లీ ఇటు తిరిగింది.

"ఇప్పుడు ఎటు మొక్కాలె?"

దవాఖానా రాగానే ఆమె దిగిపోయింది.

కామాటిపుర చాల్‌లో, మేముండే ఒంటిగదిలో, మా దేవుడి పటం గోడకే ఉంది. దాని ముందు చేతులు జోడించాక నాకిప్పుడు మొక్కుకునే మాట రాదు.