గ్లాసు దాచిన చెయ్యి

దర్జీ దుకాణంలో కాజాలు కుట్టే పెద్దావిడను అందరూ రేడియో అనే పిలిచేవారు. సూది ఆగినా ఆమె నోరు ఆగదు. అలాంటి మనిషిని చెల్లెలి కూతురు తన చిన్న దెయ్యం సినిమాలోకి తీసుకుంది, అందులోనూ ఒక్క మాటయినా లేని సినిమాకి!

"కుర్చీలో కూర్చుని తలుపు వంక చూడు పెద్దమ్మా. బయట చప్పుడవుతుంది, గొళ్ళెం కదులుతుంది. అంతే."

"మరి దెయ్యం ఏదే?"

"కనిపించదు. నీ మొహం చూసి జనం భయపడాలి."

"ఓసి నీ దుంప తెగ! నా మొహం అంత ఘోరంగా ఉందా?"

అందరూ నవ్వారు. కిటికీలకు దుప్పట్లు కట్టి, పట్టపగలే గదిని చీకటి చేశారు. బయట ఎవరో బూట్లతో బరువుగా నడిచారు. కాసేపట్లో పని అయిపోయింది. ఆమె లేచి టీ అడిగింది.

నెల తిరిగాక కాలేజీ హాల్లో ఆ సినిమా వేశారు. తెర మీద బూట్ల చప్పుడు దగ్గరపడింది. కుర్చీలోని మనిషి భుజాలు ముడుచుకుపోయాయి. ఆమె చెయ్యి మెల్లగా కదిలి, బల్ల మీది గాజు గ్లాసును తీసి కుర్చీ కింద పెట్టింది. కత్తెరను గుడ్డ కిందికి తోసింది. గొళ్ళెం కదిలినా ఆమె కళ్ళు మూయలేదు, తల మాత్రం వంచింది. హాల్లో ఎవరో కెవ్వుమన్నారు.

హాల్లో కూర్చుని చూస్తున్న పెద్దావిడ ముందుకు వంగింది. ఆ పనులు చేసినట్టు ఆమెకు గుర్తే లేదు.

పక్కనున్న చెల్లెలు చెయ్యి పట్టుకుంది. "గ్లాసు దాచమని పిల్ల చెప్పిందా అక్కా?"

"లేదు."

"మరెందుకు దాచావు?"

"పగలగొడతాడని."

చెల్లెలు తెర వదిలి అక్క వైపు తిరిగింది. బావ పోయి ఎన్నో ఏళ్ళయింది. మా బావ బంగారం అని ఊరంతా చెప్పుకు తిరిగింది తనే. పండులాంటి కాపురం అనుకుంది.

"ఇన్నేళ్ళూ వాగుతూనే ఉన్నావు కదే అక్కా, ఈ ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"వాగుతుంటే ఎవరూ ఏమీ అడగరే."

దీపాలు వెలిగాక పిల్ల పరుగున వచ్చింది. తల్లి ఏడుస్తుంటే బిత్తరపోయింది. సంగతి విని, "ఆ ముక్క తీసేస్తాను పెద్దమ్మా" అంది.

"వద్దు, ఉండనీ" అందామె.

ముగ్గురూ బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నారు. ఆమె మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది, గొంతు తగ్గించి, ఆగి ఆగి. చెల్లెలు ఆమె చెయ్యి వదల్లేదు.