చివరి కొళాయి

వేముల దగ్గర మా ఊళ్లో సర్పంచి పదవి పోయాక కూడా ఆయన్ని అందరూ ప్రెసిడెంటనే పిలిచేవాళ్లు. ఆయన వేయించిన పైపులో చిట్టచివరి కొళాయి మాది; దానికీ నీళ్లొస్తాయని వేయించిననాడే నాకు మాటిచ్చారు. రోజూ పొద్దున్నే మా గడప ముందు నిలబడి, "నీళ్లొస్తాండాయా మా?" అని అడిగేవారు.

కొత్త ప్రెసిడెంటు వచ్చాక మాకు చుక్క రాలేదు. ఆయన బాధపడతారని, "వస్తాండాయన్నా" అన్నాను. ఆయన మూత తీసి ఖాళీ బిందె చూశారు.

మరునాటి నుంచి తమ ఇంటి నీళ్లే భుజాన మోసుకొచ్చారు.

"నీకెందుకన్నా ఈ మోత? ఊరంతా నవ్వుతాండారు."

"నవ్వనీలే మా. నీకు మాటిచ్చింది నేను గదా!"

మొన్న ఆయన పోయారు. చివరి స్నానానికి మా ఇంటి నీళ్లు ఇవ్వాలనుకున్నాను. కొళాయి తిప్పితే గాలే వచ్చింది. ముందురోజు ఆయన తెచ్చిన బిందె దేవుడి పటం ముందు నిండుగా ఉంది. దండం పెట్టుకుని, దాన్నే ఎత్తుకుని ఏడుస్తూ ఆయనింటికి నడిచాను.