భూరా ఇల్లు మారిన రోజులు

సాయంత్రం ఉడకబెట్టిన నా చీరలు వరండాలో తీగ మీద ఆరుతున్నాయి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా చాకలిసోడా వాసన నా గదిలోకి వస్తోంది. ఆ చీరల్లో ఇక నా ఒంటి వాసన లేదు. నా గుడ్డలన్నీ ఉడకాలన్నది డాక్టరు ఆజ్ఞ. నాకు క్షయ అని తేల్చింది ఆయనే. ఎల్లుండి నన్ను పెండ్రా వైపు అడవుల్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్తారు. ఏడాది నిండని నా కూతురు మా వదినతో, అంటే మా ఆయన అక్కగారితో, బిల్హా వెళ్ళిపోతుంది. అక్కడ వాళ్ళాయన స్టేషను మాస్టరు. పాప ఇప్పటికే పక్కగదిలో ఆవిడ పక్కలో పడుకుంటోంది. డాక్టరు వచ్చి వెళ్ళినప్పటి నుంచి నేను పిల్లను ఎత్తుకోలేదు.

నేను కట్టి విడిచిన చీర ఒకటి ఉతక్కుండా పాప పక్కలో వేసి పంపాలనుకున్నాను. ఆ ఉపాయం నర్సమ్మత్తది. ఆవిడ ఒక కుక్క కోసం చేసింది. నాకు అది కుదరకుండా పోయింది. ఆవిడ దగ్గర చూసిన రెండో పని ఒక్కటే మిగిలింది. అది కష్టమైనది.

నర్సమ్మత్త మాకు చుట్టం కాదు. నా చిన్నతనంలో బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మా పక్కింటావిడ. ఆవిడ భర్త లోకోషెడ్డులో ఫైర్‌మన్. పిల్లలు లేరు. గోధుమరంగు కుక్క ఒకటి ఉండేది, భూరా అని పిలిచేవాళ్ళు. ఆవిడ మధ్యాహ్నం పని ముగించి గుమ్మంలో కూర్చుని, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తుంటే నాకు ఆశ్చర్యంగా ఉండేది, నాలుక కాలదా అని. నాన్నకు గూడ్స్ ఆఫీసులో ప్రమోషన్ వచ్చి మేము పట్టాలకు అవతల పెద్ద క్వార్టరుకు మారాం. అంతలోనే ఆవిడ భర్త జ్వరంతో పోయాడు. ఉద్యోగి పోతే క్వార్టరు వదలాల్సిందే. ఆవిడకు మిగిలిన చోటు బొబ్బిలి దగ్గర తమ్ముడి ఇల్లు.

ఒకనాడు మెడకు తాడు కట్టిన భూరాతో మా ఇంటికి వచ్చింది. "దీన్ని మీరుంచుకోవాల వదినా" అంది అమ్మతో.

"పెద్ద క్వార్టరొచ్చిందని ఇప్పుడు మాకు కుక్కొకటి కావాలేటి?" అంది అమ్మ.

"అన్న రాత్రి డూటీకెల్తే గుమ్మంలో ఒక తోడుండొద్దేటి? మనిసికంటే నయం. సుట్ట అడగదు."

అమ్మ నవ్వాపుకుంటూ, "నీతో తీసుకుపోరాదా?" అంది.

"తమ్ముడింట్లో నాకే అరుగు మీద జాగా వదినా. దీన్నెక్కడెట్టను?"

"సరే, రేపు తీసుకురా" అంది అమ్మ.

మర్నాడు ఆవిడ భూరాతో పాటు తన భర్త నీలం కోటు కూడా తెచ్చింది. బొగ్గు, ఇంజను నూనె, చెమట అన్నీ కలిసిన కంపు. ఉతికి వేస్తానని అమ్మ చెయ్యి చాపింది. "ఉతికితే అది వొట్టి గుడ్డే" అంటూ నర్సమ్మత్త దాన్ని వెనక వరండా మూలన పరిచి, సొట్టపడిన దాని తిండి పళ్ళెం పక్కన పెట్టి, కోటు మీద తానే కూర్చుంది. భూరా తోక కాళ్ళ మధ్య ముడుచుకుని గోడలన్నీ వాసన చూస్తోంది. నేను పరుగున వెళ్ళి వాటేసుకోబోయాను.

"ఒగ్గే, గుంటా! పిలవకు, ముట్టకు. నీ పని నువ్వు సూసుకో. ఈ ఇల్లు దానికి పాతబడాల. అప్పుడదే నీకాడికొస్తాది."

భూరా కోటు మీద పడుకుని కళ్ళు మూసేదాకా నర్సమ్మత్త కూర్చుని, ముందు గుమ్మంలోంచి చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది.

తెల్లవారేసరికి కోటు ఖాళీగా ఉంది. నాన్న, నేను పట్టాలు దాటి పరుగెత్తాం. యార్డులో రైలు పెట్టెలు ముందుకూ వెనక్కూ నెడుతున్నారు. వాటి మధ్య నుంచి అది ఎలా దాటి వచ్చిందో! భూరా నర్సమ్మత్త ఇంటి తలుపును గోళ్ళతో గీకుతూ మూలుగుతోంది. తలుపు తెరుచుకోలేదు. లోపల ఆవిడ లేదేమోనని నేను వెనకవైపు కిటికీ దగ్గరకు వెళ్ళి చూశాను. ఆవిడ ఉంది. తలుపుకు వీపు ఆనించి నేల మీద కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుంది. కుక్క గీకినప్పుడల్లా ఆవిడ భుజాలు అదురుతున్నాయి. నన్ను చూసి, వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపింది. నాన్న భూరాను తాడుతో లాక్కొచ్చాడు.

సాయంత్రం ఆవిడ వస్తే అడిగాను, ఎందుకు తలుపు తీయలేదని.

"ఒక్కపాలి తీసేననుకో, రోజూ వస్తాది. ఏదో ఒకనాడు ఆ పట్టాల మీద..." అని ఆగిపోయింది.

ఆ తర్వాత రోజూ వచ్చేది. అన్నం తన ఇంట్లోనే కలిపి తెచ్చి నా చేతికిచ్చేది. పళ్ళెం అంచు మీద గరిటెతో రెండు దెబ్బలు ఎలా కొట్టాలో నేర్పింది. "గట్టిగా కొట్టకే, అదేటి గుడి గంటా?" అని తిట్టేది. తాను మాత్రం దూరంగా ప్రహరీ దగ్గర కూర్చునేది. భూరా తినడం మాని వెళ్ళి ఆవిడ మోకాలి మీద తల పెడితే, రెండు చేతులూ తొడల కింద దోపుకుని ఆకాశం వైపు చూసేది. కాసేపటికి అది విసిగి పళ్ళెం దగ్గరకు తిరిగి వచ్చేది. రోజులు గడిచేకొద్దీ ఆ మోకాలి దగ్గరకు వెళ్ళడం తగ్గింది.

"నువ్వు మళ్ళీ వస్తే నిన్ను గుర్తుపడతాదా అత్తా?" అని అడిగాను.

"పట్టకపోతే ఏటి? బతికుంటాది కదే."

ఆఖరి సాయంత్రం ఆవిడ లేచి గేటు దాటింది. భూరా వెంట వెళ్ళింది. పట్టాల గట్టు దాకా వెళ్ళింది. ఆవిడ వెనక్కి తిరగకుండానే, "కొట్టే గుంటా!" అని అరిచింది. నేను పళ్ళెం మీద రెండు దెబ్బలు కొట్టాను. భూరా నిలబడిపోయింది. అటు చూసింది, ఇటు చూసింది. తర్వాత నా వైపు పరుగెత్తుకొచ్చింది.

"అత్తా! వచ్చేసింది! నాకాడికొచ్చేసింది!" నేను గంతులేశాను. ఆవిడ నడుస్తూనే ఒక చెయ్యి పైకెత్తింది. అంతే. మొహం చూపించలేదు.

నర్సమ్మత్త మళ్ళీ రాలేదు. నేను విశాఖపట్నంలో కాలేజీలో ఉండగా ఆవిడ పోయిందని అమ్మ కబురు చేసింది. భూరా మా వెనక వరండాలోనే ముసలిదైంది. కోటు చివికి పీలికలైనా వాటి మీదే పడుకునేది. మా ఇంట్లో అది సుఖంగా బతికిందని ఆవిడకు ఎవరైనా చెప్పారో లేదో నాకు తెలియదు. చెప్పవలసింది నేనే.

ఇప్పుడు పాపకు వదిన అన్నం పెడుతుంటే నేను వరండా చివర కుర్చీలో కూర్చుంటున్నాను. పాప అలవాట్లన్నీ ఆవిడకు చెప్పాను. చెవి వెనక నిమిరితే నిద్రపోతుందని, పాలు చల్లారితే తాగదని, చీకట్లో ఇంజను కూస్తే ఉలిక్కిపడుతుందని.

"అచ్ఛా! అన్నీ నాకే సెప్పేస్తే నీకేటి మిగుల్తాది పిల్లా?" అంది వదిన నవ్వుతూ. అని, నాలుక కరుచుకుంది.

ఈ ఉదయం పాప గడప దగ్గర బోర్లా పడింది. పెదవి చిట్లింది. తలెత్తి నా వైపే చూసింది, ఏడుపు ఇంకా మొదలు కాలేదు. నేను చేతులు తొడల కింద దోపుకున్నాను. అది నన్ను చూసింది, చూసింది, తర్వాత గుక్కపట్టి ఏడుస్తూ పాక్కుంటూ వదిన దగ్గరకు వెళ్ళింది. వదిన పిల్లను ఎత్తుకుని నా మొహం చూడలేక గోడవైపు తిరిగింది. నర్సమ్మత్త ఆ సాయంత్రం ఎందుకు వెనక్కి తిరగలేదో అప్పుడు తెలిసింది.

నేను తిరిగి వస్తానో రానో డాక్టరు చెప్పలేదు. వస్తే పాప నన్ను గుర్తుపడుతుందా అన్న ప్రశ్న రోజంతా నన్ను తింటోంది. నర్సమ్మత్త జవాబు నా దగ్గర ఉంది. అది సరిపోవడం లేదు. అయినా దాన్నే పట్టుకుని ఉన్నాను.

ఇంతలో పక్కగదిలో పాప లేచి ఏడ్చింది. ఇది రాస్తున్న కలం పడేసి లేచాను. చెయ్యి గొళ్ళెం మీదకు వెళ్ళిపోయింది. అవతల వదిన నిద్రమత్తులో జోకొడుతోంది, చెవి వెనక నిమురుతూనే ఉంటుంది. గొళ్ళెం వదిలి, తలుపుకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాను. దగ్గు వస్తోంది. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

కాసేపటికి ఏడుపు ఆగింది. తలుపు నేను తీయలేదు.