మా ప్రహరీ మీద ఎర్ర గీత

కొత్త సీసీ రోడ్డు ఎంత ఎత్తుకి వస్తుందో అందరికీ తెలియాలని ఇంజనీరు మా వీధిలో ప్రతి ప్రహరీ మీదా ఎర్ర రంగుతో గీత గీయించాడు. మా గోడ మీద ఆ గీత ఇంటి గడప కంటే పైన ఉంది. చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ ఇల్లు కట్టుకున్న కొత్తలో మెట్లెక్కి లోపలికి వచ్చేవాళ్ళం. పాత రోడ్డు మీద కొత్త రోడ్డు, దాని మీద ఇంకోటి పోసుకుంటూ పోయి మమ్మల్ని గోతిలోకి దించేశారు.

మావారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఆయన మంచం వీధి వైపు గదిలోనే. కిందటి వానాకాలం మురికినీళ్ళు మంచం కిందికి వచ్చేస్తే, నేను వదినా అని పిలుచుకునే ఎదురింటావిడ పరుగెత్తుకొచ్చింది. ఆమె మంచం ఎత్తి పట్టుకుంటే నేను కోళ్ళ కింద ఇటుకలు పెట్టాను. వాళ్ళది పోచంపల్లి నేత కుటుంబం. ఇంటి ముందు గదిలోనే పట్టుచీరల కొట్టు. మా వీధిలో పల్లంలో ఉన్నవి మా రెండిళ్ళే.

ఆదివారం కాలనీ సంఘం మీటింగులో నేను లేచి, పాత రోడ్డు తవ్వి తీసేశాకే కొత్తది పోయాలన్నాను.

"తవ్వితే రోడ్డు కిందికి పోతది మేడమ్. అందరి ర్యాంపులు పలగ్గొట్టి మళ్ళ కట్టాలె. కార్లు ఏడ పెట్టుకుంటరు?" అన్నాడు ప్రెసిడెంటు.

"కార్లు వీధిలో పెట్టుకోవచ్చండీ. మనిషిని నీళ్ళల్లో ఎక్కడ పెట్టుకోను?" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

ఇంజనీరు కల్పించుకున్నాడు. తవ్వకుండానే రోడ్డును ఎదురు వరస వైపుకి వాలుగా పోస్తే మా ఇంట్లోకి నీళ్ళు రావన్నాడు. ర్యాంపులకు ఢోకా లేదనేసరికి అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తండి అన్నాడు ప్రెసిడెంటు. నా గుండెల మీంచి బరువు దిగింది. చెయ్యి లేవబోయింది కూడా. అప్పుడు తట్టింది, ఎదురు వరసలో పల్లంలో ఉన్న ఇల్లు ఎవరిదో. నీళ్ళన్నీ తిన్నగా చీరల కొట్లోకే.

తిరిగి చూస్తే, అందరికంటే ముందు చెయ్యెత్తి కూర్చుంది వదిన.

నాకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగాను. "ఈ వాలు మాకొద్దు. తవ్వితే తవ్వండి, లేకపోతే రోడ్డే పొయ్యొద్దు," అన్నాను.

"ఒక్క ఇంటి కోసం వీధంత ఆగాల్నా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఏ తీర్మానమూ లేకుండానే అందరూ లేచి వెళ్ళిపోయారు. ఆ మర్నాటి నుంచి నన్ను చూసి మొహం తిప్పుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. వదినతో నేనే మాట్లాడలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం సరూర్‌నగర్ చెరువు వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. చినుకు పడకముందే వదిన మా గేటు తోసుకుని వచ్చి, వరండా మూలనున్న ఇటుకలు తెచ్చి మంచం దగ్గర పేర్చసాగింది. కిటికీలోంచి చూస్తే ఆమె కొట్లో కింది అరల్లో చీరలు అలాగే ఉన్నాయి.

"ముందు నీ చీరలు పైకెత్తుకో. ఆ రోజు చెయ్యెత్తావు, ఇవాళ ఇలా వచ్చావు. నీకేమన్నా మతి పోయిందా వదినా?" అని కసిరాను.

ఆమె తలెత్తలేదు. "చీరలు తడిస్తే ఆరేసుకుంట. అన్న తడిస్తే ఎట్ల? జర ఆ పక్క పట్టు," అంది.

నీళ్ళలో నానిన పట్టుచీర మళ్ళీ అమ్మకానికి పనికిరాదని మా వీధిలో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. నేను మంచం రెండో పక్క పట్టుకున్నాను.