తుప్పు పట్టిన ట్రైలర్, తప్పు లేని రిపోర్టు

కరోనా తగ్గి, జనం మళ్లీ బీచ్‌ల మీద పడ్డ ఏడాది అది. ఫిబ్రవరి నెల. విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ శాఖ మెకానికల్ వింగ్‌లో అసిస్టెంట్ ఇంజినీర్‌గా చేరి అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. శాఖకు చెందిన పంపు, జనరేటర్, జీపు, ఏది మొరాయించినా వెళ్లి చూసి, బాగుచేయించాలా, కొత్తది కొనాలా అని రిపోర్టు రాయడం నా పని. బాగుచేయడం దండగ అనుకుంటే ‘కండెమ్’ అని రాస్తాం. అంటే ఆ వస్తువును ఇక వాడకూడదు, తుక్కు కింద పంపేయాలి. ఆ మాట ఒకసారి ఫైలెక్కిందంటే వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

ఆ నెలలో నా దగ్గరకు వచ్చింది ఒక బోటు ట్రైలర్.

రుషికొండ దాటాక ఉన్న ఒక బీచ్‌లో, స్నానానికి దిగినవాళ్లు కొట్టుకుపోతే కాపాడడానికి రెస్క్యూ బోటు ఒకటి ఉండేది. ఫైబర్ బోటు, వెనక మోటారు. ఇంజినుతో, సామానుతో కలిపి ఇంచుమించు టన్ను బరువు. దాన్ని ఒడ్డున షెడ్డులో రెండు చక్రాల ట్రైలర్ మీద ఉంచుతారు. అవసరం వస్తే ట్రాక్టర్ ఆ ట్రైలర్‌ను వెనక్కి నెట్టుకుంటూ నీళ్లలోకి దింపుతుంది. నీళ్లు తగినంత లోతుకు రాగానే బోటు తనంతట తాను తేలి ట్రైలర్‌ను వదిలేస్తుంది. పని అయ్యాక మళ్లీ అదే ట్రైలర్ మీదకు ఎక్కించి పైకి లాగుతారు. అందువల్ల బోటు ఎన్నిసార్లు ఉప్పునీళ్లలో మునుగుతుందో ట్రైలరూ అన్నిసార్లు మునుగుతుంది. బోటు ఫైబర్ కనుక దానికేమీ కాదు. ఇనుమును మాత్రం ఉప్పు తినేస్తుంది.

నేను వెళ్లేసరికి బోటు డ్రైవర్ అప్పలరాజు షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. నలభై ఐదేళ్లుంటాయి. పక్కనే ఉన్న మత్స్యకారుల పేటవాడు. కాంట్రాక్టు ఉద్యోగం. ట్రైలర్ నీలం రంగుతో చూడడానికి బాగానే ఉంది. నేను సుత్తితో కింది చట్రం, అదే చాసిస్, పొడవునా కొట్టుకుంటూ వెళ్లాను. గట్టి ఇనుము ఖంగుమంటుంది. ఇది మూడు చోట్ల మొద్దుగా పలికింది. అక్కడ స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే పిడి దాకా దిగిపోయింది. చాసిస్‌కు వాడింది బాక్స్ సెక్షన్, అంటే లోపల బోలుగా ఉండే చదరపు గొట్టం. లోపలికి వెళ్లిన ఉప్పునీరు బయటకు రాక, లోపలి నుంచే తినేసింది. చక్రాలను కలిపే ఆక్సిల్ అంతా గుంటలు పడింది. ఎడమ చక్రం బేరింగ్ తిప్పితే ఇసుక నలిగినట్టు చప్పుడు చేసింది.

“ఇది అయిపోయింది అప్పలరాజూ,” అన్నాను.

“అయిపోనాదంటే ఎలాగ బాబూ? ఇదేటి రోడ్డెక్కుద్దా? సెడ్డు కాడ్నుంచి నీటి కాడికి, నీటి కాడ్నుంచి సెడ్డు కాడికి. నూరు గజాలుంటాది. మడిసి నడిసినంత ఇసురుగా కూడా ఎల్లదు.”

ఎస్టిమేట్ కోసం నేను వెంట తీసుకెళ్లినవాడు గౌస్ భాయ్. వన్ టౌన్‌లో వెల్డింగ్ షాపు. వాళ్ల నాన్న కాలం నుంచి హార్బర్ పడవలకు ఇనుప పని చేస్తున్న కుటుంబం. ఆయన ట్రైలర్ కింద వెల్లకిలా పడుకుని చాలాసేపు చూసి, చొక్కా దులుపుకుంటూ లేచాడు.

“వెల్డింగ్ పెట్టకూడదు సార్. పల్చబడిన రేకు కాలిపోద్ది. పాత దాని పక్కనే రెండు వైపులా కొత్త ఇనుప చానెల్ వేసి, బోల్టులు బిగించేస్తాను. లారీ తుక్కులోంచి ఆక్సిల్ తెచ్చి వేద్దాం. రెండ్రోజుల పని. ఏడాది గ్యారంటీ ఇవ్వను. ఈ వేసవికి మాత్రం ఆగుద్ది.”

“ఆగకపోతే?”

“ఆగుద్ది సార్. నేను చేస్తన్నాను కదా.”

నాకు ఆ జవాబు చాలలేదు. ట్రైలర్ విరిగితే పక్కన పట్టుకుని నడిచేవాళ్ల కాళ్ల మీద టన్ను బరువు పడుతుంది. అంతకు ముందు ఏడాదే మా ఆఫీసులో ఒకాయన, బాగానే ఉందని సంతకం పెట్టిన, బరువులెత్తే చైన్ బ్లాక్ తెగి మెమో తీసుకున్నాడు. ఆ భయం నాలో ఉంది. దానితో పాటు, ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, కొంత గర్వం కూడా ఉంది. తుక్కు ఆక్సిల్, పక్క చానెల్ అనే మాటలు నా రిపోర్టులో ఉండడం నాకు ఇష్టం లేదు. పుస్తకం ప్రకారం అది రోడ్డు మీద బరువు లాగే వాహనం. ఆ లెక్కన అది పాసయ్యే ప్రశ్నే లేదు. అది వెళ్లేది నూరు గజాల ఇసుక మీదే అన్న సంగతిని ఎక్కడ రాయాలో పుస్తకంలో గడి లేదు.

రిపోర్టు రాశాను. మరమ్మతుకు పనికిరాదు, కొత్తది కొనవలసి ఉంది, వెంటనే వాడకం ఆపాలి. చివర నా అంతట నేను ఒక వాక్యం చేర్చాను: ఎవరూ పొరపాటున వాడకుండా చక్రాలు విప్పించి స్టోరుకు పంపాలి. మా పై అధికారి చదివి, “ఇలా రాయాలయ్యా రిపోర్టంటే,” అన్నారు. వారంలో చక్రాలు స్టోరుకు చేరాయి. బోటును షెడ్డులోనే ఇసుక బస్తాల మీద దించారు.

కొత్త ట్రైలర్ ఫైలు కదలడం మొదలుపెట్టింది. ముగ్గురు సభ్యుల కమిటీ నా రిపోర్టును ఖాయం చేయాలి. వాళ్లలో ఒకరికి బదిలీ అయింది. ఆయన స్థానంలో మరొకరు వచ్చేసరికి మార్చి అయిపోయింది. టెండరు పిలిస్తే ఒక్కరే వేశారు. ఒక్కరే వేస్తే మళ్లీ పిలవాలి. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. ప్రతి కాగితం మీదా ఎవరో ఒకరు వాళ్ల పని వాళ్లు సరిగ్గానే చేశారు.

అప్పలరాజు నాకు మూడుసార్లు ఫోన్ చేశాడు. మొదటిసారి, “బండి ఎప్పుడొత్తాది బాబూ?” అని అడిగాడు. ఫైలు నడుస్తోందని చెప్పాను. రెండోసారి ఏప్రిల్‌లో.

“ఎండలు ముదిరిపోనాయి బాబూ. ఆదివారం వత్తే ఇసకేత్తే రాలనంత జనం. నా సేతిలో బోటు లేదు. ఆ గౌస్ బాయి సేత్తానన్నాడు గదా, కొత్తదొచ్చీదాకా అదే సేయించెయ్యండి.”

“కండెమ్ చేసినదాన్ని మళ్లీ బాగుచేయించడానికి రూల్ ఒప్పుకోదు అప్పలరాజూ.”

“మరి మామేటి సెయ్యాల?”

“కొద్దిరోజులు ఓపిక పట్టు,” అన్నాను. మూడోసారి ఫోన్ మోగినప్పుడు నేను మీటింగులో ఉన్నాను. తర్వాత తిరిగి చేయవచ్చు. చేయలేదు. అతను ఏం అడుగుతాడో తెలుసు, నేను ఏం చెప్పాలో తెలియదు.

మే నెలలో ఒక ఆదివారం సాయంత్రం, నాలుగు గంటలప్పుడు, ముప్ఫై ఏళ్ల మనిషి ఒకడు నడుము లోతు నీళ్లలో నిలబడి ఉండగా కాళ్ల కింది ఇసుక జారి, వెనక్కి లాగే ప్రవాహంలో చిక్కుకున్నాడు. వ్యాను నడుపుకునేవాడు. పెళ్లాంతో కలిసి సరదాగా వచ్చాడు. అప్పలరాజు కేక వేస్తే ఒడ్డున ఉన్న మగవాళ్లు ఇరవై మంది దాకా పరుగెత్తుకొచ్చారు. అందరూ కలిసి బోటును బస్తాల మీద నుంచి ఎత్తి మోయబోయారు. సగం దూరం కూడా రాలేదు. మెత్తటి ఇసుకలో ముక్కు కూరుకుపోయి ఆగిపోయింది. పక్కనే ట్రాక్టర్ ఉంది. పక్కనే చక్రాలు లేని ట్రైలర్ ఉంది. అప్పలరాజు బోటును వదిలేసి, నీళ్లలో తేలే లైఫ్‌బాయ్ రింగు చంకలో పెట్టుకుని ఈదుకుంటూ వెళ్లాడు. మనిషిని ఒడ్డుకు తెచ్చాడు. తెచ్చేసరికి ప్రాణం లేదు.

ఎంక్వయిరీ జరిగింది. చనిపోయినవాడి భార్య కూడా వచ్చింది. పాతికేళ్లు ఉంటాయేమో. ఏడవలేదు. అధికారి అడిగినవాటికి జవాబు చెప్పి, లేచే ముందు ఆమే ఒక ప్రశ్న అడిగింది.

“బోటుందని బోర్డు రాసున్నాది గదండీ. అది సూసే, భయం లేదులే అని దిగేడు. బోటు లేనప్పుడు బోర్డెందుకు తియ్యలేదండీ?”

అధికారి కాగితాలు సర్దుకున్నారు.

తర్వాత నన్ను పిలిచారు. నా రిపోర్టు ఆయన ముందే ఉంది.

“ఫిబ్రవరిలో ట్రైలర్ వాడదగిన స్థితిలో ఉందా?”

“లేదు సార్.”

“మీరు ముందే హెచ్చరించారు కదా?”

“అవును సార్.”

అంతే. ఇంకేమీ అడగలేదు. రెండు రోజుల్లో నూరు గజాలకు సరిపడా బాగుచేసే దారి ఒకటి ఉండేదని, అది నాకు చెప్పారని, నేనే వద్దన్నానని చెప్పడానికి నాకు నోరు ఉంది. అప్పలరాజు గది గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. నేను చెప్తానేమోనని అతను నావైపు చూశాడు. నేను కుర్చీలోంచి లేచాను.

అతన్ని అడిగిన ప్రశ్న వేరు. బోటు కదలదని తెలిసి కూడా దాన్ని మోయించడానికి సమయం ఎందుకు వృథా చేశావు, మొదటే ఎందుకు ఈదలేదు? “రెండు నిమిసాలు సార్. బోటెల్తే ఇద్దరం బతుకుతామని సూసేను,” అన్నాడు. విధి నిర్వహణలో జాప్యం అని రాశారు. నెలాఖరుకు అతని కాంట్రాక్టు పొడిగించలేదు.

జూన్ మొదటి వారంలో నోటిమాట మీద ఆర్డరు వచ్చింది. కొత్తది వచ్చేలోగా పాత ట్రైలర్‌నే ఎలాగోలా నడిపించండి. ఫిబ్రవరిలో ఒప్పుకోని రూలు ఇప్పుడు అడ్డం రాలేదు. గౌస్ భాయ్ వచ్చాడు. రెండు వైపులా చానెల్ వేశాడు, బోల్టులు బిగించాడు, లారీ ఆక్సిల్ పెట్టాడు. రెండు రోజులే పట్టింది. స్టోరు నుంచి చక్రాలు తెప్పించాం. షెడ్డు నుంచి నీటి వరకు మాత్రమే వాడవలెను అని రాసి నేనే సంతకం పెట్టాను. కొత్త గడి ఏమీ అక్కర్లేకపోయింది, కాగితం కింద ఖాళీ ఉంది, అక్కడే రాశాను.

ట్రాక్టర్ బోటును నీళ్లలోకి దింపి పైకి లాగింది. ఎక్కడా కిర్రుమనలేదు. గౌస్ భాయ్ పనిముట్లు సంచిలో వేసుకుంటూ, నావైపు చూడకుండా, “అప్పుడు చెప్పిందే సార్, ఇప్పుడు చేసింది,” అన్నాడు. కొత్త ట్రైలర్ డిసెంబరులో వచ్చింది. అప్పటిదాకా పాతది ఒక్కరోజు కూడా మొరాయించలేదు.

రెండేళ్ల తర్వాత సీతమ్మధారలో ఒక క్లినిక్‌కు పని మీద వెళ్తే, గేటు దగ్గర స్కూటర్లు సర్దుతూ అప్పలరాజు కనిపించాడు. సెక్యూరిటీ యూనిఫాం. సముద్రం మీద పుట్టి పెరిగినవాడు రోడ్డు పక్క కుర్చీలో కూర్చుంటున్నాడు. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. నాకు అది ఇంకా కష్టంగా అనిపించింది.

“ఆ రోజు నేను చెప్పాల్సింది అప్పలరాజూ,” అన్నాను.

అతను పక్కనున్న స్కూటర్‌ను జరిపి స్టాండ్ వేశాడు.

“మీరు రాసింది తప్పని నాను ఎప్పుడూ అనలేదు బాబూ. బండి సచ్చిపోనాదన్నారు, నిజమే. సక్రాలు కూడా ఇప్పించేసి ఎల్లిపోనారు. ఆ తర్వాత మామేటి సెయ్యాలో రాయలేదు. నాను ఫోన్ సేసి అడిగింది అదే.”

ఎవరిదో కారు వచ్చింది. అతను గేటు తీయడానికి వెళ్లాడు. నేను ఇంకాసేపు నిలబడ్డాను, అతను తిరిగి రాలేదు.

బాగుచేయాలా, కొత్తది కొనాలా అన్నది రెండు దారుల ప్రశ్న అని ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ నమ్మాను. మూడో ప్రశ్న ఉంది: కొత్తది వచ్చేదాకా ఎలా? వస్తువు ఎంత పాడైందో చూడడం సగం పనే. అది రోజూ ఏం పని చేస్తోందో, అది ఆగితే ఎవరు ఎక్కడ చిక్కుకుపోతారో చూడడం మిగతా సగం. ఇప్పుడు నా ప్రతి రిపోర్టులో చివర ‘అంతవరకు ఏర్పాటు’ అని ఒక పేరా రాస్తాను. ఒక పై అధికారి, అది మన పరిధి కాదని దాన్ని రెండుసార్లు కొట్టేశారు. మూడోసారి కూడా రాసి పంపాను.

ఈ పాఠం నేర్చుకోవడానికి నేను ఏమీ పోగొట్టుకోలేదు. ఆ సంవత్సరం నా కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో, అంటే మా పనితీరు గురించి పై అధికారి ఏటా రాసే కాగితంలో, ‘భద్రత విషయంలో రాజీపడని ఇంజినీర్’ అని రాశారు. తర్వాత ప్రమోషన్ లిస్టులో నా పేరు పైకి రావడానికి ఆ వాక్యమే పనికొచ్చింది. దాన్ని కొట్టేయమని నేను ఎవరినీ అడగలేదు.