అత్తయ్యగారి కుడి, నా మోటారు ఎడమ

షార్జా దగ్గరి ఉమ్ అల్ క్వైన్‌లో మడ చెట్ల మధ్య, పట్టపగలు, ఒక పెద్దావిడను పడవతో సహా ఇసుకలో పాతేసిన ఘనుణ్ణి నేనే. కంగారు పడకండి, ఆవిడకేమీ కాలేదు. అయిందల్లా నా పరువుకే. మీరు ఎలాగూ నవ్వుతారు, కాస్త చివరిదాకా ఆగి నవ్వండి.

కరోనా తగ్గాక మనుషులకు తలా ఒక పిచ్చి పట్టింది. కొందరు సైకిళ్ళు కొన్నారు, కొందరు బాల్కనీల్లో టమాటాలు పెంచారు. షార్జాలో ఆఫీసు ఉద్యోగం చేసుకుంటున్న నాకు చేపల వేట మీదికి మనసు పోయింది. మాది కాకినాడ. సముద్రంతో నా పరిచయం బీచ్‌లో మొక్కజొన్న పొత్తులు తినడం వరకే. అయినా ఊరి పేరు చెప్పగానే ఇక్కడి వాళ్ళు నన్ను గౌరవంగా చూసేవారు. ఆ గౌరవాన్ని అందరికంటే ముందు నమ్మేసింది నేనే.

పడవలు అమ్మే ఖాదర్ భాయ్‌ది నెల్లూరు. నన్ను చూడగానే నా సంగతి గ్రహించేశాడు.

"మొదటి పడవ కదా సార్, ఈ ఫైబర్‌ది తీసుకోండి. కారుకి మల్లే స్టీరింగ్ ఉండాది. ఎటు తిప్పితే అటు పోతాది."

"మరి అదో?" అన్నాను, మూలనున్న అల్యూమినియం పడవను చూపించి.

"అది చెయ్యి తిరిగినోళ్ళు తీసుకునేది. తేలిక. కారు వెనకాల ట్రాలీ మీద ఏసుకొని పోవచ్చు. లోతు లేకపోయినా పోతాది. కానీ స్టీరింగ్ ఉండదు. వెనకాల కూచొని మోటారు పిడి పట్టుకొని నెట్టాల. పిడి కుడికి నెడితే పడవ ఎడమకి పోతాది, ఎడమకి నెడితే కుడికి. కొత్తోళ్ళకి తికమక సార్."

"ఖాదర్ భాయ్, మాది కాకినాడ."

ఆయన ఆ అల్యూమినియం పడవ మీది దుమ్ము దులుపుతూ, "ఇంక నేను చెప్పేదేముంది సార్," అన్నాడు.

మోటారు దగ్గరా అదే వరస. నేను వేలు పెట్టింది అన్నిటికంటే పెద్దదాని మీద. "అది తగిలిస్తే వెనక కూచున్న మీరు నీళ్ళలోకి, ముందు కూచున్నోళ్ళు ఆకాశంలోకి పోతారు సార్," అని ఆయన చిన్నదాన్ని చూపించాడు. నీళ్ళలోకి దిగే దాని కాడ కూడా పొట్టిదే. పొడుగు కాడదైతే లోతు లేనిచోట ఇసుక దున్నుతుందట. దున్నడం నాకు చేతకాదు గనక ఆ ఒక్క మాట మాత్రం విన్నాను.

పడవను చూసి మా ఆవిడ సుజాత, "ఇది పడవాండీ, బెల్లం వండే పెనమా?" అంది. నేను పట్టించుకోలేదు. అప్పటికే లైసెన్సు పరీక్ష నెగ్గినవాణ్ణి. అయితే శిక్షణ ఇచ్చిన పడవకు స్టీరింగ్ ఉండేదన్న సంగతి ఇంట్లో చెప్పలేదు.

ఆ శీతాకాలంలోనే అత్తయ్యగారు విజిట్ వీసా మీద వచ్చారు. రాజమండ్రిలో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళయిన దగ్గరనుంచి ఆవిడ నన్ను ఒక్కమాటా అనలేదు, ఒక్కసారీ మెచ్చుకోలేదు. ఆవిడ కళ్ళకు నేనెప్పుడూ సగం మార్కులేసి పక్కన పెట్టిన జవాబునే. మిగతా సగం సంపాదించాలని మొదటి షికారుకు ఆవిణ్ణే ఎక్కించాను.

చీర మీద లైఫ్ జాకెట్ కట్టుకుని ఆవిడ ముందు బల్ల మీద కూర్చున్నారు. గాలి మొహానికి కొడుతోందని నా వైపు తిరిగి కూర్చున్నారు. సుజాత మధ్యలో ఫోను పట్టుకుని వీడియో తీస్తోంది. అత్తయ్యగారు మధ్యమధ్య మెడ తిప్పి దారి చూసి చెప్పేవారు.

"కుడికి, అల్లుడుగారూ."

నేను పిడి కుడికి నెట్టేవాణ్ణి. పడవ సరిగ్గా ఆవిడ చెప్పినచోటికే వెళ్ళేది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నాకు ఎదురుగా కూర్చున్న ఆవిడ కుడి అంటే నాకు ఎడమ. నేను పిడి కుడికి నెడితే పడవ వెళ్ళేదీ ఎడమకే. అంటే ఒక తప్పు ఇంకో తప్పును కొట్టేస్తోంది. మైనస్‌ను మైనస్‌తో హెచ్చిస్తే ప్లస్ వస్తుందని ఆవిడ ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పిన పాఠమే, మా పడవకు దారి చూపిస్తోంది. ఆ సంగతి ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

"బాగానే కుదిరిందే చెయ్యి," అన్నారు అత్తయ్యగారు. నేను మీసం దువ్వుకున్నాను.

అప్పుడు సుజాత, "అమ్మా, ఫ్లెమింగోలు!" అని అరిచింది. అత్తయ్యగారు చూడ్డానికి ముందుకు తిరిగి కూర్చున్నారు.

"ఎడమ పక్క ఇసుక మేట ఉందండీ. కుడికి!"

నెట్టాను. పడవ ఎడమకు తిరిగింది.

"కుడికండీ!"

"కుడికే నెడుతున్నానండీ!"

"మీ కుడికి కాదు, నా కుడికి!"

"ఇప్పుడు మీ ఇద్దరికీ ఒకటే కుడి అమ్మా!" అంది సుజాత.

కంగారులో పిడిని గట్టిగా మెలిపెట్టాను. పిడిని మెలితిప్పితే వేగం పెరుగుతుందని అప్పుడే గుర్తొచ్చింది. పడవ ఉరికి ఇసుక మేటెక్కి కూర్చుంది. ఫ్లెమింగోలు ఎగరను కూడా లేదు, నడుచుకుంటూ పక్కకు వెళ్ళాయి.

దిగి నెట్టాను. కదల్లేదు. పైగా అది పాటు వేళ, నీరు మెల్లగా మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయింది. తెచ్చుకున్న పులిహోర తిన్నాం. ఎండెక్కేకొద్దీ అల్యూమినియం కాలసాగింది. సుజాత "పెనమన్నానా?" అని నోటితో అనలేదు, చూపుతో అంది. అత్తయ్యగారు మాత్రం పిడిని అటూ ఇటూ కదిపి చూశారు.

"ఇది ఎటు నెడితే దానికి ఎదురు దిక్కుకు పోతుందన్నమాట. మీకు తెలియదా?"

"ఖాదర్ భాయ్ చెప్పాడండి."

"మరి?"

నేను పులిహోర డబ్బాకు మూత పెట్టే పనిలో పడ్డాను.

నీరు మళ్ళీ పోటెక్కుతుండగా ఒక ముసలి అరబ్బు తన చేపల పడవలో అటుగా వచ్చాడు. తాడు చేతిలోకి తీసుకుని, "నౌఖదా కౌన్?" అని అరిచాడు.

"ఏమంటున్నాడే?"

"ఈ పడవకు సరంగు ఎవరని, అమ్మా."

నేను చెయ్యి ఎత్తబోయాను. అత్తయ్యగారు నన్ను చూశారు. పిడిని చూశారు. తన చెయ్యి ఎత్తారు.

ఆయన మర్యాదగా తల వంచి, "యల్లా, నౌఖదా!" అని, ఇక పదండన్నట్టు తాడు ఆవిడ వైపు విసిరాడు. ఆవిడ ఒంటిచేత్తో పట్టుకున్నారు.

ఒడ్డుకు చేరాక ఆ ముసలాయన నా భుజం తట్టి, "తుమ్ నయా ఖలాసీ?" అని అడిగాడు. కొత్త కళాసీవా అని. నేను నోరు తెరిచేలోగా అత్తయ్యగారు జాలిగా నవ్వి తెలుగులోనే జవాబిచ్చారు.

"కొత్తే నాయనా. నేర్చుకుంటాడులే."

నా గురించి ఆవిడ నోట రెండో మంచిమాట అదే.

కాబట్టి ఉప్పునీటి సాక్షిగా, ఖాదర్ భాయ్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: అత్తయ్యగారు ముందుకు తిరిగి కూర్చున్న పడవలో నేను ఇక జన్మలో పిడి ముట్టను. వెనక్కి తిరిగి కూర్చుంటానంటే మాత్రం, ఆలోచిస్తాను.