స్టీరింగ్ బరువు

దీవిలోని హాడో రేవులో క్రేను నడిపే స్టీవెన్, చెన్నై రేసు ట్రాక్ మీద ఒక రోజు తోలాలని తన పాత కారును వచ్చే ఓడకి ఎక్కించబోతున్నాడు. ఇంజనుకి కాస్త బలం మిగులుతుందని మెకానిక్ శామ్సన్ చెబితే పవర్ స్టీరింగ్ బెల్టు తీయించాడు. డైరీ ఫార్మ్ పేట సందుల్లో, బరువెక్కిన స్టీరింగ్‌తో మూడు చుట్లు తిప్పేసరికి భుజాలు పడిపోయాయి.

“స్పీడులో స్టీరింగ్ హల్కా అయిపోద్ది భయ్యా, బరువే తెలీదు,” అన్నాడు శామ్సన్.

“ఈ ఊళ్లో నలభై దాటితే కదా తెలిసేది!”

ఇంట్లో ఏడాది కూతురు అబిగేలు చేతులు చాచింది. ఎత్తబోతే సగంలోనే స్టీవెన్ పట్టు జారింది. భార్య లవీనా గబుక్కున పాపను అందుకుంది.

“కారుతోపాటు ఈ చేతుల్ని కూడా ఓడలో పంపేస్తావా ఏటి?”

స్టీవెన్ నేలమీదే చతికిలబడి శామ్సన్‌కి ఫోన్ చేశాడు.

“బెల్టు మళ్లీ బిగించెయ్ భాయ్. స్పీడు తగ్గితే తగ్గనీ.”